చూసి కూడా రాయని కణాలు

ఎవరికీ చెప్పని తప్పు ఒకటి ఇన్నేళ్లూ నాలోనే మోశాను. నా పేరు అడగొద్దు. విను, చాలు.

డెబ్బైల చివర్లో నంద్యాలలో ఒక చిన్న నర్సింగ్‌హోమ్‌లో ల్యాబ్ పని చేసేవాణ్ని. ఆ గదిలో నేనొక్కణ్నే. ఒకరోజు ఆళ్లగడ్డ నుంచి సుందరమ్మ అనే టీచరు వచ్చింది. నలభై దాటి ఉంటాయి. ఒక రొమ్ము ఎర్రగా వాచి, కాలిపోతోంది. డాక్టరుగారు చీముగడ్డ అనుకున్నారు. సూదితో కొంచెం నీరు తీసి నాకు పంపారు.

మైక్రోస్కోపులో చూశాను. తెల్లకణాలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. ఒంట్లో చీము పట్టినప్పుడు కాపాడ్డానికి వచ్చేవి అవే. కానీ వాటి మధ్య నాలుగైదు పెద్ద కణాలు, వంకరటింకరగా, నల్లటి కేంద్రకాలతో కనిపించాయి. అవి క్యాన్సర్ కణాలో కావో నాకు తెలియలేదు. తెలియలేదని చెప్పొచ్చు కదా? ఆ ముందు వారమే, రిపోర్టులో లేనిపోని అనుమానం రాశానని డాక్టరుగారు అందరి ముందూ తిట్టారు. మళ్లీ ఆ అవమానం పడలేక, ఇన్ని తెల్లకణాలున్న చోట క్యాన్సర్ ఎందుకుంటుందిలే అని నాకు నేనే నచ్చజెప్పుకొని, ‘చీము కణాలు మాత్రమే’ అని రాశాను.

ఆమె గుమ్మం దగ్గరికి వచ్చింది.

"ఏమప్పా, ఏంది కనపడింది?"

"చీమేనమ్మా. సూదులేసుకుంటే తగ్గిపోతాది."

"మాయమ్మ రొమ్ము క్యాన్సర్‌తోనే పోయింది. అందుకే భయపడతాండా. నువ్వు కండ్లారా చూసి చెప్తాండావు గదా, సాలు."

ఆ మాట విన్నాక కూడా కాగితం వెనక్కి తీసుకోలేదు. అది భయమా? పొగరా? ఇప్పటికీ తేల్చుకోలేను.

నాలుగు నెలలకు చంకలో గడ్డలతో మళ్లీ వచ్చింది. కర్నూలు పంపితే క్యాన్సరేనని తేలింది. అప్పటికే ఆలస్యమైంది. ఒక ఆదివారం బస్సెక్కి ఆళ్లగడ్డ వెళ్లాను, చెప్పేద్దామని. మంచంలో నుంచే వాళ్ల చెల్లెలికి నన్ను చూపించి, నంద్యాలలో తనను బాగా చూసుకున్నది నేనేనని చెప్పింది. టీ తాగి వచ్చేశాను. ఆ ఏడు దాటకుండానే పోయింది.

కొన్నేళ్లకు మా దగ్గరికి కొత్తగా వచ్చిన డాక్టరు ఒకాయన మాటల్లో చెప్పాడు: కొన్ని రొమ్ము క్యాన్సర్లు చీముగడ్డలాగే ఎర్రగా వాస్తాయట, కాపాడ్డానికి చేరిన కణాలే ఒక్కోసారి గడ్డ పెరగడానికి తోడ్పడతాయట. అది చాలా వేగంగా ముదిరే జబ్బు అని కూడా అన్నాడు. ముందే రాసినా ఆమె బతికేది కాదేమో అన్న ఆలోచనను పట్టుకొని చాలా ఏళ్లు బతికాను. కానీ ఆమె నన్ను అడిగింది బతుకుతానా అని కాదు, ఏం కనపడిందని.

ఎవరికీ దగ్గర కాలేదు. దగ్గరైతే ఇది చెప్పాల్సి వస్తుందని. పెళ్లి మాటలూ అలాగే దాటేశాను.

క్షమించమని నిన్ను అడగను. అది నీ చేతిలో లేదు. ఆమె స్లైడులో నాకు పెద్ద కణాలు కనపడ్డాయి. నేను రాయలేదు. ఇది చెప్పాక కాసేపు ఊపిరి తేలిగ్గా ఆడుతోంది. అంతే.