రబ్బరు పొట్టు

వారపత్రికల మీద అభిప్రాయాలు రాసేదాన్నని మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలోని మా తెలుగు లైబ్రరీలో ప్రతి వారపత్రిక వెనక అట్టకు ఒక తెల్లకాగితం అంటించేవారు. చదివినవాళ్లు తమకు తోచింది దాని మీద పెన్సిల్‌తో రాయవచ్చు. నలుగురిలో నోరు విప్పలేని నేను అక్కడ మాత్రం, పేరు పెట్టకుండా, సీరియల్ రచయితలతో పోట్లాడేదాన్ని. తర్వాతి వారం వెళ్లి, ఎవరైనా బదులు రాశారేమోనని నా మాటల కోసం వెతుక్కునేదాన్ని. ప్రతిసారీ అక్కడ రబ్బరుతో రుద్దిన మరకే ఉండేది. మగవాళ్ల రాతలు మాత్రం బూతు జోకులతో సహా భద్రంగా ఉండేవి.

ఒకరోజు లైబ్రరీ బాబాయి నా కళ్లెదుటే దొరికాడు. రైల్వే వర్క్‌షాపులో రిటైరై, లైబ్రరీ చూసుకునే మనిషి. నా వాక్యాన్ని రుద్ది, పొట్టు ఊదేసి, పసిపిల్ల నుదురు తుడిచినంత ప్రేమగా ఆ చోటును అరచేత్తో నిమిరాడు. ఆ నిమరడానికే నాకు ఒళ్లు మండింది.

"ఎందుకు చెరిపేస్తన్నావు బాబాయ్?"

"నీ రాత నాకు తెల్దేటమ్మా? పుస్తకం తీసుకెల్లినప్పుడల్లా రిజిస్టర్లో సూత్తన్నాను కదా. ఆడపిల్ల రాత పదిమందీ సూస్తే ఏటనుకుంటారు? మీ నాన్న పరువు కోసరమే."

"మరి ఆ బూతు జోకులో?"

"అయి రాసినోలు మగోలు కదమ్మా."

పత్రికను బల్ల మీద విసిరికొట్టి బయటికి నడిచాను. మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఆయన వెనకనుంచి, నన్ను ఓదారుస్తున్నట్టుగా అన్నాడు:

"కోప్పడకే తల్లీ. నీకు ఎవులో బదులు కూడా రాసేవోలు. అయ్యీ సెరిపీసినాను."