పెండ్లికి పోయిన ఇసుర్రాయి

మా అమ్మ ఇసుర్రాయిని మా అన్న నన్ను అడగకుండా మ్యూజియానికి ఇచ్చేశాడు. అమ్మ పోయాక ఇల్లు ఖాళీ చేస్తూ ఇచ్చాడట. ఆ సంగతి నాకు తెలిసింది మొన్న మాఘమాసంలో, అదీ వదిన నోరు జారితే. రెండు రోజులు కోపంతో అన్నం సయించలేదు. మూడో రోజు ఏడాదిన్నర పిల్లను చంకనేసుకుని గద్వాలలో బస్సెక్కాను. వనపర్తికి పోవాలి, రాయిని వెనక్కి తెచ్చుకోవాలి, అంతే.

నిజానికి రాయితో నాకు పనేం లేదు. ఇంట్లో మిక్సీ ఉంది. మేముండేది మూడో అంతస్తులో అద్దెకు. మా ఆయనకు నాగర్‌కర్నూల్ అవతల కాలువ పని, నెలకోసారి వస్తాడు. పొద్దస్తమానం నేను మాట్లాడేది ఇంకా మాటలు రాని పిల్లతోనే. అది కడుపులో ఉండగానే అమ్మ పోయింది. ఆ రాయి కర్రపిడి అమ్మ అరచేతికి అరిగి నున్నగా ఉంటుంది. దాని మీద నా కూతురి చెయ్యి ఒక్కసారి పెట్టించాలి. ఇంతకు మించి అమ్మను దానికి చూపించే దారి నాకు తోచలేదు.

పెబ్బేరులో పశువుల సంత. బస్సు కదలదు, పిల్ల ఏడుపు ఆపదు. వనపర్తి చేరేసరికి నా చీర సగం దాని ఉమ్మితో తడిసింది.

మ్యూజియం అంటే ఏదో అనుకున్నాను. రెండు గదులు. పింఛనుదార్లయిన పంతుళ్లు కొందరు వంతులవారీగా తాళం తీసి కూర్చుంటారు. ఆ రోజు వంతు ఒక పెద్ద సారుది. మమ్మల్ని చూసి ఆయన గబగబా లేచి ఫ్యాన్ వేశారు. మేం తప్ప చూడవచ్చిన వాళ్లెవరూ లేరు. పిల్ల అడ్డం కట్టిన తాడు కింద నుంచి దూరి, గింజలు కొలిచే మానిక నెత్తిన బోర్లించుకుంది.

వెనక గదిలో కాగడాలు, కావడి, నాగలి మధ్య ఒకచోట గుండ్రటి గుర్తు మాత్రం ఉంది. పక్కన అట్టముక్క మీద అమ్మ పేరు, ఊరి పేరు. రాయి లేదు. నా పిల్ల పోయి సరిగ్గా ఆ గుర్తులో కూర్చుంది.

"అది మా అమ్మది సార్. తీస్కపోనీకొచ్చిన," అన్నాను.

సారు తలగోక్కున్నారు. "రాయి ఈడ లేదు బిడ్డా. పెద్దమందడి ఊర్ల పెండ్లికి పోయింది."

ఇప్పుడు ఎవరి ఇళ్లలోనూ ఇసుర్రాళ్లు లేవట. పెండ్లి పసుపు మాత్రం రాతితోనే విసరాలి. అందుకని ముహూర్తాలు మొదలైతే జనం వచ్చి ఈ రాయిని ఆటోలో వేసుకుపోతారట, తర్వాత కడిగి తెచ్చిస్తారట. నాకు ఒళ్లు మండింది. మ్యూజియం సామాను ఊరి మీద తిప్పుతారా అని అడిగేశాను. మా అమ్మ రాయికి ఇన్ని పెండ్లి పిలుపులు. నన్ను గద్వాలలో ఒక్క పేరంటానికి పిలిచినవాళ్లు లేరు. ఆ మాట పైకి అనలేదు గానీ, కొంగుతో కళ్లు తుడుచుకున్నాను.

సారు కుర్చీ లాగి నన్ను కూర్చోమన్నారు.

"ఇసిరే ఆడోళ్లు రాయి ఎవరిదని అడుగుతరు. మీ అమ్మ పేరు చెప్త. ఇసుర్రాయి పాటల ఆ పేరు కలుపుకొని ఇసురుతరు బిడ్డా. అయినా మీది మీకే. ఎల్లుండి వస్తది, తీస్కపోరి."

అమ్మ బతికినన్నాళ్లూ ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. నాన్న ఏమే అని పిలిచేవాడు. ఊళ్లోవాళ్లు మా అన్న పేరు చెప్పి, వాని తల్లి అనేవాళ్లు. ఈ అట్టముక్కకు ముందు ఆ పేరు నేను చివరిసారి చూసింది మరణ ధ్రువపత్రం మీద. నేను తీసుకుపోతే ఆ రాయి మూడో అంతస్తు బాల్కనీలో ఒక మూలకు పడుంటుంది, నాలాగే.

ఈడనే ఉండనీయండి అని సారుకు చెప్పి, పిల్లను ఎత్తుకుని బస్టాండుకు నడిచాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. పిల్ల నా భుజం మీద మేలుకునే ఉంది. దాని చెవి దగ్గరికి వంగి వాళ్ల అమ్మమ్మ పేరు చెప్పాను. ముప్పై ఏళ్ల వయసులో, నా నోటితో ఆ పేరు పలకడం అదే మొదటిసారి.