రోడ్డు మీది ఫ్లెక్సీ, శ్రావణి ఫోను

2023 వానాకాలం. బచ్చన్నపేటలో నాది ఫొటో స్టూడియో, ఫ్లెక్సీలూ వేస్తాను. నాకు అక్షరాలు ముప్పై దాటాక, పెళ్లాం ముందు పలక పట్టుకుని కూర్చుంటే వచ్చాయి. అంతదాకా పెళ్లి ఆల్బమ్ మీద పేర్లు ఇంకొకరితో రాయించేవాణ్ణి. నా రాత మొరటుగా ఉంటుంది, సర్దుకోండి.

దానికి ముందు ఎండాకాలంలో మల్లేశం అనే రైతు తన బిడ్డ శ్రావణికి ఓణీల పండుగ చేశాడు. ఏడో తరగతిలోకి వస్తున్న పిల్ల. మా దగ్గర ఫ్లెక్సీ కట్టకపోతే పండుగ జరిగిందని ఎవరూ ఒప్పుకోరు. "పెద్దగ వెయ్ కాకా, బస్సుల పోయేటోళ్లకు గూడ కనవడాలె" అన్నాడు. పిల్ల ముఖం, పేరు, ఊరు పెట్టి వేశాను. నాలుగు బాటల కాడ కట్టారు. మేనమామ బట్టలతో పాటు స్మార్ట్‌ఫోన్ కూడా పెట్టాడు. ఆ పిల్లకు అదే మొదటి ఫోను.

వానలు పడ్డాక ఒక పొద్దున మల్లేశం బిడ్డ రెక్క పట్టుకుని షాపులోకి వచ్చాడు. వెనక భార్య యాదమ్మ.

"కాకా, గీ పోరి ఫోన్ల ఏమేం పెట్టిందో మొత్తం తీయ్. మా ఇజ్జత్ పోయింది."

సంగతేమిటంటే, రీల్స్ పెట్టే యాప్‌లో శ్రావణి పేరు, ఫొటోతో ఒక అకౌంట్ నడుస్తోంది. దానిలోనుంచి బడి పిల్లగాళ్లకు 'నీ నంబర్ పంపు' అని మెసేజ్‌లు వెళ్తున్నాయి. ఒక పిల్లవాడి తండ్రి దాన్ని చేను గట్టు మీద నలుగురిలో మల్లేశానికి చూపించాడట.

"ఫోను పలగ్గొడత. బడి బంద్. నెల్లికుదురుల మా అక్క ఉన్నది, ఆడికి పంపుత, కలుపు తీసుకుంట ఉంటది."

"పలగ్గొట్టేటందుకు నా షాపెందుకురా, మీ ఇంట్ల రోకలి లేదా? కూసో" అన్నాను.

శ్రావణి ఏడవలేదు. "నా అకౌంట్ గిది తాతా" అని తెరిచి చూపింది. అన్నీ మేకపిల్లలే. ఒకటి మంచమెక్కి దూకుతోంది, ఒకటి యాదమ్మ కొంగు నములుతోంది. ఎక్కడా ఆ పిల్ల ముఖం లేదు.

"మొకం పెట్టొద్దని మా టీచర్ చెప్పింది. నేను పెట్టలె."

"మరి ఆ బొమ్మ దాంట్లకు గాలికి వొయిందా?" అన్నాడు తండ్రి.

దొంగ అకౌంట్‌లోని ఫొటోను నా మానిటర్ మీద పెద్దది చేశాను. నేను తీసిన ఫొటోనే. కానీ మూలన సగం ఇత్తడి రింగు, దానికి కట్టిన నైలాన్ తాడు కనిపించాయి. ఫ్లెక్సీ మూలల్లో తాడు కట్టడానికి కొట్టే ఆ రింగును ఐలెట్ అంటాం. ఫోను తెర మీద అది చుక్కంత కూడా తెలియదు.

"గిదేంది మల్లేశం?"

"రింగు."

"యాడిది?"

మల్లేశం తెర దగ్గరికి వంగి చూశాడు. ఎవడో రోడ్డు మీద నిలబడి ఫ్లెక్సీని ఫొటో తీసుకుపోయాడు.

"ఫోన్ల పెట్టిన్నని తిడుతున్నవు గదా బాపూ," అంది శ్రావణి, "రోడ్డు మీద పెట్టేటప్పుడు నన్ను అడిగినవా?"

"నన్ను గూడ అడగలె" అంది యాదమ్మ.

నేను ఆవేశంగా ఆ అకౌంట్ మీద రిపోర్ట్ కొట్టబోయాను. "ఆగు తాతా, ముందుగాల స్క్రీన్‌షాట్" అని శ్రావణి నా చెయ్యి పట్టుకుంది. తెర మీద ఉన్నదాన్ని ఉన్నట్టే ఫొటోగా దాచుకోవడం అన్నమాట. అకౌంట్ మాయమైపోతే పోలీసులకు చూపించడానికి ఏమీ మిగలదని చెప్పింది. అన్నీ దాచాక రిపోర్ట్ చేసింది. నేను స్టేషన్‌కు వెంట వెళ్లాను. అక్కడి మహిళా కానిస్టేబుల్ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడిగింది. "తప్పు నీది కాదు బిడ్డా" అన్న మాట తండ్రి వినేటట్టే అంది. ఆమెకు నేను ఈరోజుకీ దండం పెడతాను. తర్వాత ఆ అకౌంట్ పోయింది. చేసినవాణ్ణి కూడా పట్టుకున్నారు. వాడి పేరు మనకు అక్కర్లేదు.

స్టేషన్ నుంచి వస్తూ మల్లేశం నాలుగు బాటల కాడ బండి ఆపాడు. తానే కరెంటు స్తంభం పక్కన నిచ్చెన వేసుకుని ఫ్లెక్సీ విప్పాడు. కింద శ్రావణి దాన్ని చుట్టగా చుట్టింది. ఫోను ఆమె జేబులోనే ఉంది. మర్నాడు బడికీ పోయింది.

అప్పటినుంచి పిల్లల ఫ్లెక్సీ వచ్చిందంటే ప్రింట్ ఇచ్చే ముందు మానిటర్ పిల్లల వైపు తిప్పుతాను. కొందరు తల్లిదండ్రులు నవ్వుతారు, కొందరు "ఆళ్లకేం తెలుసు" అని గుర్రుమంటారు. గుర్రుమంటే అననీ. ఇన్నేళ్ల పనిలో ముఖాలు తీయడం నేర్చుకున్నాను గానీ, ఆ ముఖం ఎవరిదో వాళ్లను అడగాలని నాకు నేర్పింది ఆ పిల్లే.

మొన్న మల్లేశం చిన్న బిడ్డను వెంటబెట్టుకుని, ఆ పిల్ల పుట్టినరోజు ఫ్లెక్సీ కోసం వచ్చాడు. "ఏ ఫొటో వెయ్యాలెరా?" అన్నాను.

"నన్నేం అడుగుతవ్ కాకా," అన్నాడు, "దాన్ని అడుగు."