అతుకు కారని బాయిలర్లు

మా బావని ఊళ్లో ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఎదురుగా ఉంటే బాయిలర్ మేస్త్రిగారూ అంటారు. వెనకాల వట్టి బాయిలర్ అంటారు. కోపం వస్తే ఆయన నెత్తిలోంచి కూడా పొగ లేస్తుందని వాళ్ల ఎగతాళి. నేను మాత్రం ఆ మాట మొహం మీదే అనేదాన్ని. మా అక్కని చేసుకున్న మనిషి, పైగా మా ఎదురిల్లు, ఆ మాత్రం చనువు లేకపోతే ఎలా?

స్నానాలకి నీళ్లు కాచుకునే రాగి బాయిలర్లు చేయడం ఆయన పని. రాగి రేకుని గుండ్రంగా వంచి, మధ్యలో పొగ గొట్టం నిలబెట్టి, కింద నిప్పుకి గూడు కట్టి, పక్కన కుళాయి బిగించేవాడు. పైన చన్నీళ్లు పోస్తూ ఉంటే కుళాయిలోంచి వేణ్నీళ్లు వస్తూ ఉంటాయి. మా వీధిలో ప్రతి ఇంటి పెరట్లోనూ ఒకటి ఉంది, ప్రతిదీ బావ చేసిందే. వంటకి అందరిళ్లలోకీ గ్యాసు వచ్చింది గానీ స్నానాల నీళ్లకి గ్యాసు తగలేసే మహానుభావులు మా దగ్గర లేరు. కలప కోసే సామిల్లు వాళ్లు చెక్కపేళ్లు ఊరికే ఇస్తారు. ఊరికే వచ్చేదాన్ని మా వాళ్లు చచ్చినా వదలరు.

ఒక్క విషయంలో బావని మెచ్చుకోవాలి. ఆయన వేసిన అతుకు కారదు. అమ్మే ముందు ప్రతి బాయిలర్‌నీ తన పెరట్లోనే ఒకసారి వెలిగించి చూసేవాడు. నిప్పు ఊదే పని మా అక్కది. ఆయన చుట్టూ తిరుగుతూ, అతుకులకి దాదాపు ముక్కు ఆనించి, ఎక్కడైనా చెమ్మ గానీ ఆవిరి గానీ వస్తోందేమో వెతికేవాడు. "ఇంకాస్త ఊదవే, మంట చాల్లేదు" అనేవాడు. అక్క ఊదేది. కొత్త రేకు మీది నూనె కాలి, పచ్చి పేళ్లు కాలి, పెరడంతా పొగ కమ్ముకునేది. దగ్గుతూనే ఊదేది. ఊళ్లో వాళ్లందరికీ వేణ్నీళ్ల సుఖం దక్కింది, ఆ బాయిలర్ల మొదటి పొగంతా మా అక్క రొమ్ములోకి పోయింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఆడవాళ్ల దగ్గు ఎవరికి పట్టింది? ఏళ్లకేళ్లు అది ఇంట్లో గడియారం చప్పుడులా ఉండిపోయింది. ఒకరోజు అక్క బావి దగ్గర బిందె ఎత్తబోయి అక్కడే కూలబడింది. పెదవులు నల్లబడ్డాయి. పట్నం తీసుకెళితే డాక్టరు ఎక్స్‌రే ఫోటో తీయించి, గోడకి పెట్టి చూసి, బావ వైపు తిరిగాడు.

"ఏం పని చేస్తారు మీరు?"

బావ చెప్పాడు. డాక్టరు ఫోటో కిందికి దించాడు. "ఈవిడకి ఇక పొగ తగలకూడదు. కొంచెం కూడా. ఈ చలికాలం పొగలో గడిపితే మాత్రం నేను చేయగలిగింది ఏమీ ఉండదు" అన్నాడు.

ఇంటికి రాగానే బావ తన పెరట్లో బాయిలర్ ఆర్పేశాడు. అక్క స్నానానికి నీళ్లు గ్యాసు మీద కాచాడు. కొత్తవి చేయడం మానేశాడు. పనిముట్లన్నీ గోనెసంచిలో కట్టి అటక ఎక్కించాడు. అంత మొండిమనిషి ఒక్కపూటలో మారిపోవడం చూసి నాకు జాలేసింది. కానీ ఏం లాభం? మా ఊరు రెండు కొండల మధ్య గుంటలో ఉంటుంది. చలికాలం పొద్దున్నే వీధిలో బాయిలర్లన్నీ ఒకేసారి అంటుకుంటాయి. ఆ పొగ పైకి పోదు. కప్పుల ఎత్తున పరుచుకుని, ఎండ కొండ దాటేదాకా అక్కడే ఉంటుంది. కిటికీలు బిగించి, సందుల్లో తడిగుడ్డలు కుక్కినా అక్క మంచం దాకా వచ్చేది. ఇంకో చోటికి తీసుకెళ్లమన్నారు కొందరు. ఎక్కడికి? మా చుట్టాలందరూ ఇలాంటి గుంటల్లోనే కాపురముంటున్నారు, అందరి పెరళ్లలోనూ బావ బాయిలర్లే ఉన్నాయి.

అక్క బతకాలంటే వీధి మొత్తం పొగ మానాలి. మాన్పించాల్సిన మనిషేమో ఆ పొగని ఇంటింటికీ అమ్మినవాడు.

అప్పుడే సహకార సంఘం వాళ్లు సోలార్ నీళ్ల ట్యాంకుల కబురు పట్టుకొచ్చారు. ఎండకి కాగుతాయి, కట్టె అక్కర్లేదు, రాత్రంతా వేడి నిలుస్తుంది. ఒక్కటే షరతు: వీధిలో అందరూ ఒప్పుకుంటేనే ఇస్తారు. నమూనాకి ఒక ఇంటిమీద ముందుగా పెట్టి చూపిస్తామన్నారు. ఎవరింటిమీద అని వాళ్లతో వచ్చిన ఫిట్టర్ అడిగేలోపే బావ చెయ్యెత్తాడు. జనం నోళ్లు తెరిచారు. బాయిలర్ మేస్త్రి ఇంటిమీద సోలారా! "నీ కంచంలో నువ్వే మన్ను పోసుకుంటావేంటయ్యా?" అంది పాలావిడ. బావ ఎత్తిన చెయ్యి దించలేదు.

నిజం చెప్పాలంటే, పని చక్కగా సాగింది. గాజు గొట్టాల వరస, దాని నెత్తిన తెల్లటి ట్యాంకు, ట్యాంకు పైన చిటికెన వేలంత గాలి గొట్టం. ఫిట్టర్ బిగించి, "దేన్నీ కదపకండి మేస్త్రిగారూ" అని చెప్పి వెళ్లాడు. మర్నాడు పొద్దున్నే కుళాయి తిప్పితే చెయ్యి కాలింది. ఆ కబురు వీధంతా పాకింది. ఒకరొకరే వచ్చి, కుళాయి కింద వేలు పెట్టి, చురుక్కుమని లాక్కుని, నవ్వి వెళ్లేవారు. మేస్త్రే పెట్టించుకున్నాడంటే అందులో ఏదో ఉందన్నారు. ఒక్కొక్క ఇల్లూ దారికొస్తోంది. అక్క మంచం మీద కూర్చుని వేళ్లు మడిచి ఇళ్లు లెక్కపెట్టుకునేది. "పోస్టుమాస్టారు ఒప్పుకుంటే చాలే. ఆయన వెనక మిగతావాళ్లు వస్తారు" అనేది. చాలా కాలానికి ఆ మొహంలో కాస్త కళ చూశాను.

పోస్టుమాస్టారు రిటైరైనా వీధికి పెద్దమనిషి ఆయనే. ఆదివారం పొద్దున అందరూ మీ పెరట్లోకి వస్తాం, అందరి బకెట్లూ నిండితే ఒప్పుకుంటాం అని కబురు పంపాడు.

ఆ ముందురోజు తెల్లవారుజామున బావ కప్పు ఎక్కాడు. చలిలో గాలి గొట్టం చివర నుంచి సన్నగా ఆవిరి పోతోంది. జీవితమంతా ఆవిరి ఎక్కడ కారుతుందా అని ముక్కు ఆనించి వెతికిన మనిషి. అలా ఊరికే పోతుంటే చూసి ఎలా ఊరుకుంటాడు? వేడి వృథా అవుతోంది, రేపు అందరి బకెట్లకీ చాలదేమో అనుకున్నాడు. అటక మీద సంచి దింపి, చిన్న రేకు మూత చేసి, గొట్టం నోటికి టంకం వేసి బిగించేశాడు. ఎప్పట్లాగే ముక్కు ఆనించి చూసుకున్నాడు. ఎక్కడా కారడం లేదు. ఆదివారం పొద్దున చన్నీళ్లు కలిసి వేడి తగ్గకూడదని, ట్యాంకులోకి చన్నీళ్లు వచ్చే కింది వాల్వు కూడా కట్టేశాడు. ఇదంతా మాకు తర్వాత తెలిసింది.

ఆదివారం వీధంతా బకెట్లతో వచ్చింది. పెళ్లివారిని చూసుకున్నట్టు చూసుకున్నాడు బావ అందర్నీ. అక్కని కూడా గుమ్మంలో కుర్చీ వేసి కూర్చోబెట్టాం. మొదటి బకెట్టు మాస్టారిది. పొగలు కక్కుతూ నిండింది. "భేష్" అన్నాడాయన. రెండోది పాలావిడది. అది సగం నిండేసరికి ధార సన్నబడింది. పైన ట్యాంకు మూలిగింది. బావ తలెత్తి చూసేలోగా పెద్ద చప్పుడుతో ట్యాంకు లోపలికి నొక్కుకుపోయింది. కాలికింద పడ్డ ఖాళీ డబ్బాలా అయిపోయింది. గాజు గొట్టాలు రెండు పగిలి కప్పు మీద నుంచి ముక్కలు రాలాయి. పిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్లు పరుగో పరుగు. ఒక్క క్షణంలో పెరడు ఖాళీ అయిపోయింది, బకెట్లు మాత్రం మిగిలాయి.

ఫిట్టర్ వచ్చి, పైకెక్కి, మూత చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"దీన్ని ఎవరు మూశారు? నీళ్లు బయటికి పోతుంటే లోపలికి గాలి రావద్దా?"

"నేనే మూశాను" అన్నాడు బావ.

"ఎందుకండీ?"

"కారుతోందని."

ఫిట్టర్ పనిముట్లు సర్దుకున్నాడు. మంచివాడు, పోతూపోతూ ఒక మాట చెప్పాడు. శనివారం లోపల వీధి మొత్తం ఒప్పుకుంటే సామాను ఇక్కడికే తెప్పిస్తాను, లేకపోతే లారీ కొండ అవతలి ఊరికి వెళ్లిపోతుంది, మళ్లీ వచ్చే ఏడాదే అన్నాడు.

అక్కకి వచ్చే ఏడాది ఎక్కడిది!

బావ ఇంటింటికీ తిరిగాడు. తప్పు నాది, యంత్రానిది కాదు అని కాళ్లావేళ్లా పడ్డాడు. ఏ గడపలోనూ మాట చెల్లలేదు. తన బాయిలర్లు అమ్ముడుపోవాలని కావాలనే చెడగొట్టాడన్నారు కొందరు. సంఘం వాళ్లు ఏదో ఆశ చూపి తప్పు నెత్తిన వేసుకోమన్నారని ఇంకొందరు. "మా ఇంటిమీద పేలితే మా పిల్లలకి దిక్కెవరు?" అంది పాలావిడ. మాటంటే పడని మనిషి, అన్నీ పడ్డాడు. సాయంత్రం వచ్చి అక్క మంచం కోడు పట్టుకుని నేలమీద కూర్చున్నాడు. అక్కకి మాట్లాడే ఊపిరీ లేదు. అన్నం ముద్ద మింగాక కూడా ఆగి ఆయాసం తీర్చుకుంటోంది. నాకైతే ఆయన్ని పట్టుకుని కొట్టాలనిపించింది, పట్టుకుని ఏడవాలనీ అనిపించింది.

శుక్రవారం ఆఖరిసారిగా మాస్టారి దగ్గరికి వెళ్లాడు. తోడు నేనూ వెళ్లాను. మాస్టారు పెరట్లో పళ్లు తోముకుంటున్నాడు. పక్కన బాయిలర్ భగభగ మండుతోంది.

"చూడు మేస్త్రీ, ఇది నువ్వు చేసిందే. మీ మనవల దాకా చెక్కు చెదరదు అని నువ్వే కదయ్యా చెప్పావు? ఇది పగిలిన రోజున చెప్పు, వీధిలో అందరికంటే ముందు నేనే ఒప్పుకుంటాను" అన్నాడు నవ్వుతూ.

బావ ఇంటికి వెళ్లి సుత్తి తెచ్చాడు.

"ఏంటయ్యా ఇది?" అన్నాడు మాస్టారు.

"పగలగొడతాను మాస్టారూ. మీరే అన్నారుగా."

"కానీ, చూద్దాం" అన్నాడాయన, ఇదీ ఒక వేడుకే అనుకుని.

బావ నిప్పు లాగేశాడు. రెండు చేతులా సుత్తి ఎత్తి కొట్టాడు. సొట్ట పడింది. మళ్లీ కొట్టాడు. ఇంకో సొట్ట. చుక్క నీరు రాలేదు. గోడల మీద తలలు లేచాయి. కొడుతూనే ఉన్నాడు. చెమట కారి చొక్కా ఒంటికి అంటుకుపోయింది. బాయిలర్ ఒళ్లంతా గుంటలు పడుతోంది గానీ కారదు. "గట్టిగా చేశావయ్యా!" అని ఎవరో అరిచారు, జనం గొల్లున నవ్వారు. ఆ నవ్వు నేను భరించలేకపోయాను. రోడ్డు దాటి అక్క దగ్గరికి పరుగెత్తాను.

అక్క లేచి కూర్చుని ఉంది. గోడకి చెవి ఆనించి ఆ దెబ్బలు వింటోంది.

"దాని పొట్ట మీద కొడుతున్నారే" అంది. ఒక్కో మాటకీ ఆగుతోంది. "అతుకు... మీద... కొట్టడం లేదు. ఆయనకి తెలుసు... ఎక్కడ కొడితే పోతుందో. చేతులు రావడం లేదు."

"నేనేం చేయనక్కా?"

"వెళ్లి చెప్పు. అతుకు మీద కొట్టమన్నానని... నేను అన్నానని చెప్పు."

వెళ్లాను. బావ సుత్తి నేలకి ఆనించి వగరుస్తున్నాడు. దగ్గరికెళ్లి చెవిలో చెప్పాను. ఆయన నా మొహంలోకి చూశాడు. తర్వాత వంగి, బాయిలర్ వెనకవైపు కింద, రేకు రేకుని కలుపుకున్న చోట వేలితో తడిమాడు. సుత్తి ఎత్తాడు. ఒక్కటే దెబ్బ. అతుకు విచ్చుకుని, వేణ్నీళ్లు ఆయన కాళ్ల మీదుగా పెరడంతా పారాయి. ఆయన కాళ్లు తీయలేదు. నేనే చొక్కా పట్టుకుని పక్కకి లాగాను.

ఎవరూ నవ్వలేదు. మాస్టారు ఆ నీళ్లనీ బావనీ కాసేపు చూశాడు. నోరు పుక్కిలించి, తువ్వాలు భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కున్నాడు. పాలావిడ గుమ్మం వైపు నడిచాడు.

అక్కకి చెబుదామని పరుగున వచ్చాను. చెప్పనక్కర్లేకపోయింది. ఆ ఆఖరి దెబ్బ ఆమెకి వినబడింది. దుప్పటి చెంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"మాస్టారు ఒప్పుకున్నట్టేనక్కా. అందరి దగ్గరికీ ఆయనే వెళుతున్నాడు."

అక్క తల ఊపింది. అయినా ఏడుపు ఆపలేదు.

"ఎంత బాగా చేశారే దాన్ని" అంది. "నేనే ఊదాను. అప్పుడు... ఒక్క చుక్క కూడా కారలేదు."

"ఏడవకక్కా, ఊపిరి అందదు" అన్నాను. ఆమె ఏడుస్తూనే ఉంది.