కిర్రు బూట్లు

యుద్ధం ఎక్కడో సరిహద్దులో జరుగుతోందని పత్రికలు రాశాయి గానీ, ఆ వీధివాళ్ళకి అది ముందుగా కాళ్ళ దగ్గరే తెలిసింది. తోలంతా సైన్యానికి పోయింది. కొత్త బూట్లు కొనాలంటే రేషను చీటీ రావాలి, చీటీ రావాలంటే ఏడాది ఆగాలి. అంతవరకూ ఉన్న జతనే కంటికి రెప్పలా కాపాడుకోవాలి.

మూడంతస్తుల మేడ కింద, మెట్ల పక్కనున్న ఒంటి గదిలో బూట్లు కుట్టే పెద్దాయన ఉండేవాడు. వీధి ఆయనకి పెట్టిన పేరు చాదస్తం. ఊరికే పెట్టలేదు లెండి. తడిసిన బూట్లు ఎవరైనా తెస్తే ముందు తిట్టి, ఆ తరవాతే చేతిలోకి తీసుకునేవాడు.

"పొయ్యి పక్కన ఆరబెట్టావు కదూ? ఇది తోలనుకున్నావా, కట్టెపుల్లనుకున్నావా? లోపల పాత కాగితం కుక్కి నీడన పెట్టమని ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు?"

తిట్లయితే ధారాళంగా పడేవి. పని మాత్రం వేలెత్తి చూపించడానికి ఉండేది కాదు.

భార్య పోయి ఎనిమిదేళ్ళయింది. పిల్లలు లేరు. దుకాణం మూసేశాక ఆ గదిలో పలకరించే నోరంటూ లేదు. ఉన్నవల్లా గోడ బల్ల మీద పదకొండు జతల బూట్లు. యుద్ధానికి వెళ్ళేముందు రిపేరుకని ఇచ్చి, తీసుకోకుండానే రైలెక్కేసిన వాళ్ళవి. వాళ్ళు తిరిగొచ్చి కాలు పెట్టేదాకా ఒక్క జత కూడా చెడకూడదని ఆయన పంతం పట్టాడు. వాళ్ళలో ఎంతమంది వస్తారన్న లెక్క మాత్రం వేసుకోలేదు. వేసుకోవాలంటే భయం.

పాలిష్ ఒక్కటీ చాలదు. తోలు నడిస్తేనే బతుకుతుందని ఆయన తండ్రి చెప్పేవాడు. అందుకని ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఒక్కో జతా తొడుక్కుని నడిచేవాడు. చిన్నవాటిలోకి వేళ్ళు ముడుచుకుని, పెద్దవాటిలోకి రెండేసి మేజోళ్ళతో. గది నాలుగడుగులే కాబట్టి తలుపు తీసి మెట్ల కింది నడవలోకి వెళ్ళి, ఆ చివరి నుంచి ఈ చివరికి పచార్లు చేసేవాడు. చూసినవాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వారు, వాళ్ళ సొమ్మేం పోయింది!

ఆ పదకొండింటిలో బస్సు డ్రైవరు బూట్లు ఒక జత. "బాబాయ్, కుడికాలిది కిర్రుకిర్రుమంటోంది, కాస్త చూడు" అని ఇచ్చి వెళ్ళాడు. మొదట్లో తోలు దొరక్క ఆయన దాన్ని ముట్టుకోలేదు. ఆ తరవాత దొరికినా ముట్టుకోలేదు. నిజం చెప్పాలంటే, ఆ కిర్రు వింటుంటే పక్కన ఇంకో మనిషి నడుస్తున్నట్టుండేది. ఒంటరివాడికి అదే పదివేలు.

డ్రైవరు భార్య పై అంతస్తులో ఉంటుంది. గుడారాలు కుట్టే మిల్లులో పని. మొగుడి దగ్గర్నించి ఉత్తరం వచ్చి అయిదు నెలలైంది. ఆమెకి ఆదివారాలు కూడా మిల్లే ఉండేది. ఆ నెలలోనే షిఫ్టు మార్చి ఆదివారం సెలవిచ్చారు. ఆ సంగతి పెద్దాయనకి తెలియదు.

ఆ ఆదివారం ఆయన డ్రైవరు బూట్లు తొడుక్కుని నడవలో సగందాకా వెళ్ళాడో లేదో, పైన తలుపు దడాలున తెరుచుకుంది. మెట్ల మీద చెప్పుల్లేని కాళ్ళు దబదబా దిగొచ్చాయి. చేతులకి సబ్బు నురగ, మొహం నిండా వెలుగు. ఆఖరి మెట్టు మీద డ్రైవరు భార్య ఠక్కున ఆగిపోయింది. ముందు బూట్లకేసి చూసింది. తరవాత మొహంకేసి చూసింది.

"మీరా, బాబాయ్" అంది.

అంతే. వెనక్కి తిరిగి మెల్లగా మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఒక్క మాట తిట్టినా బాగుండేది.

పెద్దాయనకి తల కొట్టేసినట్టయింది. రాత్రంతా "ముసలి వెధవా, నీకు పక్కన మనిషి కావలసొచ్చి ఆ పిల్ల ప్రాణం తీశావురా" అని తనని తానే తిట్టుకున్నాడు. పొద్దున్నే డ్రైవరు బూటు ఒళ్ళో పెట్టుకుని అడుగట్ట విప్పాడు. లోపలి అట్ట, కింది తోలూ రాసుకునే చోట మైనం పట్టించాడు. తనకోసమని దాచుకున్న మంచి తోలుముక్క మధ్యలో పేర్చి, తోలు కుట్టే ఆరె పట్టుకుని కుట్టు వెంట కుట్టు వేశాడు. నాలుగు రోజులు పట్టింది. వంచి చూస్తే పిల్లి నడిచినంత చప్పుడు కూడా లేదు. ఇక ఆ పిల్ల మళ్ళీ మోసపోదు కదా అని గుండె కాస్త కుదుటపడింది.

మరుసటి ఆదివారం వాటితో ధైర్యంగా నడవలో పదిసార్లు తిరిగాడు. గదిలోకి వచ్చి లేసులు విప్పుతుంటే గుమ్మంలో ఆమె నిలబడి ఉంది.

"ఇవాళ ఆయన బూట్లతో నడవలేదేం, బాబాయ్?"

"నడిచానమ్మా. ఇప్పుడే."

"మరి నాకు వినపడలేదే! తలుపు తీసుకునే కూచున్నాను."

ఆమె వచ్చి ముక్కాలిపీట మీద కూచుంది.

"ఆయన కాదని నాకు తెలుసులే బాబాయ్. పోయినవారమే తెలిసింది. అయినా మెట్లు దిగేదాకా ఆయన ఇంట్లో ఉన్నట్టే అనిపించింది. వారమంతా మిల్లులో ఆదివారం ఎప్పుడొస్తుందా అనే చూశాను."

"కిర్రు... బాగుచేసేశాను తల్లీ. నిన్ను బాధపెట్టానని."

"ఎవరు చెయ్యమన్నారు మిమ్మల్ని?" అంది. ఆ వెంటనే, చిన్నపిల్లలా, "మళ్ళీ పెట్టరా?" అని అడిగింది.

ఆయన గబగబా రెండు కుట్లు కోశాడు. మైనం గీకాడు. అట్ట అటూ ఇటూ కదిపాడు, తడిపాడు, మెలిపెట్టాడు. తొడుక్కుని గదిలో నాలుగడుగులు వేశాడు. చప్పుడు లేదు.

"నలభై ఏళ్ళ నుంచి తియ్యడమే చేస్తున్నానమ్మా" అన్నాడు. "పెట్టడం నాకు రాదు."

ఆమె బూటు అందుకుని చెవి దగ్గర పెట్టుకుంది. రెండు చేతులతో వంచింది, మళ్ళీ వంచింది. అంత చక్కటి రిపేరు ఆయన జన్మలో చెయ్యలేదు.