చీకటి గదిలో ఎర్రచుక్క

నా చిన్నప్పుడు మా నల్లకోడి నెమలిగుడ్లు పొదుగుతోందని మా ఊరు పాన్‌గల్ అంతా చాటాను. సగంమంది నమ్మారు కూడా. పక్కింటి అక్క మాత్రం నమ్మలేదు. హైదరాబాదులో భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తూ, నక్షత్రాల లోపలి వేడికి లెక్కలు కట్టే మనిషి; ఎండాకాలం సెలవులకు వచ్చింది. "నెమలో కోడో సూద్దాం దావే" అని, ఒక గుడ్డుతో సహా నన్ను పల్లికాయ బస్తాలుండే చీకటి గదిలోకి తీసుకుపోయి, గుడ్డు వెనక టార్చిలైటు పెట్టింది.

గుడ్డంతా ఎర్రగా వెలిగింది. సన్నని నరాల నడుమ ఆవగింజంత చుక్క టుక్కుటుక్కుమంటోంది.

"అది గుండెనే," అంది అక్క.

ఇక నాకంటే తనకే ఆత్రం. రోజూ మధ్యాహ్నం కోడిని అదిలించి ఆ గుడ్డే తెచ్చేది.

ఒకనాడు చుక్క కదల్లేదు. అక్క గుడ్డును తిప్పి చూసింది, అరచేతుల మధ్య వెచ్చచేసింది. ఎందుకాగిందని అడిగాను. "తెల్వదే" అంది. అంత చదివినామె నోట ఆ మాట వినడం అదే మొదలు. నేనూరుకుంటానా? దయ్యం కరుచుకుపోయిందని కథ ఎత్తుకున్నాను.

"దయ్యమే అయితే నయముండు. మనం మాటిమాటికి తీసి సూసినందుకే ఆగిందేమో," అంటూ లైటు ఆర్పేసింది.

తర్వాత ఆమెకు డాక్టరేటు వచ్చింది, వనపర్తిలో లెక్చరర్ కొలువూ దొరికేలా ఉంది. అది వదిలేసి, ప్రాణమున్నవాటికి లెక్కలు కట్టే సైద్ధాంతిక జీవశాస్త్రంలోకి పోయింది. గుండె కణాలన్నీ ఒక్క తాళంలో ఎలా కొట్టుకుంటాయి, ఎలా తప్పుతాయి అన్నదే ఆమె పని. జీవశాస్త్రంవాళ్లు "ఎప్పుడన్న కప్పను కోసినవా?" అని నవ్వారట. పాత భౌతికశాస్త్రంవాళ్లు దారి తప్పిందన్నారు. ఏళ్లకేళ్లు తాత్కాలిక కొలువులతో ఊళ్లు తిరిగింది. వాళ్లమ్మ మా అరుగు మీద కూచుని, "సుక్కలనిడిసి కోడిగుడ్ల ఎంట వడ్డది నా బిడ్డ" అని కళ్లు తుడుచుకునేది.

మొన్న ఎండల్లో వచ్చింది. ఇప్పుడు ప్రొఫెసరు; తలంతా నెరిసింది.

"తెలిసిందా అక్కా?" అన్నాను.

ఏ సంగతని ఆమె అడగలేదు. "గుండె ఎట్ల ఆగుతదో జర తెలిసింది. ఆ గుడ్డుది మనవల్లనే ఆగిందా అంటే తెల్వలే. ఇగ తెల్వదు గూడ."

ఇప్పటికీ కోడి కింద చెయ్యి పెట్టి గుడ్డు తీస్తే, ఆ వెచ్చదనానికి నా వేళ్లు ఆగిపోతాయి. వెలుతురు వైపు ఎత్తి చూడాలనిపిస్తుంది. చూడను. మెల్లగా మళ్లీ రెక్కల కిందికే తోస్తాను.