మిరియాలు మిగిలిన డబ్బీ

మా తాత వీరేశానికి అక్షరం ముక్క రాదు. అయినా రసాయనశాస్త్రంలో నా మొదటి గురువు ఆయనేనంటే కాలేజీలో అందరూ నవ్వేవారు. నవ్వుకోనీ, నాకేం!

తాత శేరిలింగంపల్లి నుంచి రోజూ రైల్లో పట్నం వెళ్లి, ఒక కాలేజీ ప్రయోగశాలలో సీసాలు కడిగేవాడు. ఉర్దూలో చెప్పే పాఠాలు చెవిన పడేవి. విన్నదేదీ మరిచే మనిషి కాదు.

1947లో మా అమ్మ రుక్కమ్మ ఆ ఇంటికి కొత్త కోడలిగా వచ్చింది. నాలుగు నెలలకు, దసరా పూజకని మా నానమ్మ కిష్టమ్మ కర్పూరం డబ్బీ తెరిచింది. అడుగున మిరియాలే ఉన్నాయి. మిరియాలు వేస్తే కర్పూరం హరించుకుపోదని మావాళ్ల నమ్మకం. నానమ్మకు కోపం నషాళానికంటింది.

"మిరియాలేసిన కర్పూరం యాడికి పోతది? పుట్టింటికి పంపినవా ఏంది?" అంటూ అమ్మ పెట్టె తెరిచి చీరలన్నీ దులిపింది. ఏమీ దొరకలేదు. అయినా వాడకట్టంతా తిరిగి కోడలు దొంగ అని చెప్పింది. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

తెల్లారి అమ్మ బట్టలు మూట కట్టింది. "దొంగ అన్న పేరుతోని ఈ ఇంట్ల ఎట్లుండాలె మామా?" అంది.

"జర ఆగు బిడ్డా," అన్నాడు తాత. ఆ రోజు పనికి పోలేదు. కర్పూరం తెచ్చి, ఒక బిళ్ల నలిపి, మిరియాలు కలిపి పళ్లెంలో ఎండకు పెట్టాడు. అదే పళ్లెంలో ఓ పక్కన పలుగురాయి ముక్క. నానమ్మనే కావలి కూర్చోబెట్టాడు.

పొద్దు వాలేసరికి పళ్లెంలో మిరియాలు, రాయి మిగిలాయి.

"రాయిల ఈ కొస నుంచి ఆ కొసదాక రేణువు రేణువును గట్టిగ పట్టుకొని ఉంటది. ఎండకేం కదుల్తది? కర్పూరంల అన్నీ చిన్నచిన్న గుంపులు. గుంపు లోపట పట్టు గట్టిదే. గుంపుకు గుంపుకు నడుమనే వదులు. అందుకే గుంపులకు గుంపులు గాలిల కలుస్తయి. డబ్బీల పెట్టినా మెల్లగ పోతది. మిరియాలు ఆపలేవు," అన్నాడు తాత.

నానమ్మ ముఖం చిన్నబోయింది. "ఉత్తపుణ్యానికి నిన్ను అన్న. ఇగ నిన్ను నమ్మిన. మూట ఇప్పు బిడ్డా."

అమ్మ విప్పలేదు. "కర్పూరం సంగతి మామకు ఎరుకున్నది కాబట్టి నమ్మినవు అత్తా. ఎరుక లేకుంటే?"

నానమ్మ లేచి, అమ్మను వెంటబెట్టుకొని, తాను నోరు పారేసుకున్న ప్రతి గడపకూ వెళ్లింది.

"నా కోడలు దొంగ కాదు. తప్పు నాది," అని చెప్పింది. కర్పూరం సంగతి ఎక్కడా ఎత్తలేదు.